ష్ గారి ఐదు నిమిషాలు

జూన్ 3

మా గాలిమేడల మేస్త్రీకి,

పిన్ని దీవెనలు. దీవెనల వెనకాలే ఒక పని కూడా ఉంది, అందుకే కవరు కాస్త బరువుగా ఉంది.

ఫోను చేయొచ్చు కదా అనకు. ముప్ఫై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో కూర్చుని ఊరందరి మాటలూ ఒకరికొకరికి కలిపినదాన్ని. రిటైరైన రోజే ఒట్టు పెట్టుకున్నాను, ఇక నేను చెప్పదలచుకున్నది కాగితం మీదే చెబుతానని. బాబాయి మాత్రం ఆ ఒట్టు ఇంట్లో ఎందుకు పనిచేయడం లేదని అడుగుతున్నారు.

నన్ను మా వీధి చివర పబ్లిక్ లైబ్రరీ కమిటీకి కార్యదర్శిని చేశారు. మిగతావాళ్ళందరూ కాదంటే నాకు అంటగట్టారులే. భవనం ముసలిదైపోయింది. కిటికీలు మూస్తే తెరుచుకోవు, తెరిస్తే మూసుకోవు. కుర్చీల్లో సగం కుంటివి. మున్సిపాలిటీ వాళ్ళేమో ఆగస్టు ఆఖరుకల్లా బాగుచేతకు అయ్యే ఖర్చులో సగం మేమే పోగుచేసి చూపించాలంటున్నారు, అప్పుడు మిగతా సగం వాళ్ళు ఇస్తారట. చూపించలేకపోతే భవనం వాళ్ళ విరిగిన చెత్తబండ్లకు షెడ్డు అవుతుంది, పుస్తకాలు మూటలు కట్టి పక్క ఊరికి పంపేస్తారు. అది విన్నప్పటి నుంచి నాకు అన్నం సహించడం లేదు.

చందాలు అడగడానికి వెళితే అందరూ "ప్లాను ఏదీ?" అంటున్నారు. మీ అమ్మ చెప్పింది, నువ్వు ఆ ఆఫీసులో చేరి ఇన్నేళ్ళయినా మీ బాసు నీ చేత మెట్లూ బాత్రూములూ తప్ప ఇంకేమీ గీయించడం లేదని. చిన్నప్పుడు మా ఇంటి గోడల నిండా బొగ్గుతో మేడలు గీసినవాడివి నువ్వు. మాకొక ప్లాను గీసిపెట్టు. డబ్బులివ్వలేం. భవనం ఫోటో ఒకటి పంపుతున్నాను.

మా లైబ్రేరియన్ సంగతి కూడా చెప్పాలి. ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తులేదు, అందరూ ష్ గారనే అంటారు. పేజీ తిప్పిన చప్పుడైనా సరే, తలెత్తి "ష్" అంటారు. మబ్బు పడితే మరీ చిరాకు, వానాకాలం వచ్చిందంటే ష్ లు రెట్టింపు. మోకాళ్ళ నొప్పులేమో పాపం. బాబాయి రోజూ అక్కడ పేపరు చదివి వస్తారు. ఇంట్లో కంటే అక్కడే ప్రశాంతంగా ఉంటుందట.

నీ జవాబు కోసం పోస్టుమాన్ని వేధిస్తూ,
పిన్ని


జూన్ 14

కార్యదర్శి పిన్నికి,

నమస్కారాలు. నీ ఉత్తరం చదివి ఆఫీసులో కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. బాసు ఏమైందని అడిగితే కాలు తిమ్మిరెక్కిందని చెప్పాను.

పిన్నీ, మెట్లు గీసీ గీసీ నాకు కలలో కూడా మెట్లే వస్తున్నాయి. ఎక్కుతూనే ఉంటాను, పైన ఇల్లు మాత్రం ఉండదు. నాదంటూ ఒక్క భవనం నేల మీద నిలబడితే చాలనుకుంటున్న రోజుల్లో నీ ఉత్తరం వచ్చింది. పది రాత్రులు కూర్చుని గీశాను. విడిగా గొట్టంలో చుట్టి పంపుతున్నాను. దారిలో వానకు పాడవకుండా తడవని ప్లాస్టిక్ షీటు మీద ప్రింటు తీయించాను. మంచం దుప్పటంత ఉంటుంది, భయపడకు.

అసలు విశేషం పైకప్పు. మొత్తం అద్దం! గుండ్రంగా, బోర్లించిన గిన్నెలా. జనం ఆకాశం కింద కూర్చుని చదువుకుంటారు. కమిటీ వాళ్ళు ఏమంటారో వెంటనే రాయి.

చందాల గురించి బుర్ర బద్దలు కొట్టుకోకు. మీ లైబ్రరీలో ఉన్న ఖరీదైన సరుకు నిశ్శబ్దమొక్కటే. ఒకరోజు దాన్ని చెడగొట్టే హక్కు టికెట్ పెట్టి అమ్మేయండి. ష్ గారి ఎదుట గట్టిగా మాట్లాడటానికి ఎంతైనా ఇచ్చేవాళ్ళు ఉంటారు.

బాబాయికి నా సానుభూతి చెప్పు.

మెట్లెక్కుతూ,
నీ మేస్త్రీ


జూలై 2

ఒరేయ్ మేస్త్రీ,

నీ గొట్టం చేరింది. పోస్టుమాన్ అది తుపాకీ అనుకుని రెండు చేతులతో దూరంగా పట్టుకుని తెచ్చాడు.

ప్లానును కమిటీ ముందు పెట్టాను. హాల్లో పెద్ద బల్ల మీద పరిచి అందరం చుట్టూ నిలబడ్డాం. ఒక్కరూ నోరెత్తలేదు. చాలాసేపు అలాగే చూశారు. నువ్వు ఎంత కష్టపడ్డావో ప్రతి గీతలోనూ కనబడుతోందిరా, నాకైతే కళ్ళు చెమ్మగిల్లాయి.

ఇప్పుడది హాల్లోనే ఉంది. ష్ గారు స్వయంగా స్టూలెక్కి, నాలుగు మూలలా మేకులు కొట్టారు. ఆయన ఏ వస్తువునైనా అంత శ్రద్ధగా చూసుకోవడం నేను ఇదివరకు చూడలేదు. ఇక్కడ వానలు మొదలయ్యాయి.

నీ టికెట్ల ఆలోచన మాత్రం అదిరింది! కమిటీ వాళ్ళు చప్పట్లు కొట్టబోయి ష్ గారిని చూసి ఆగిపోయారు. ఆగస్టు మొదటి ఆదివారం "మాట్లాడే రోజు" అని ప్రకటించాం. పాత కేటలాగు కార్డుల వెనక వైపున టికెట్లు రాస్తున్నాను. మామూలు మాటకు ఒక రేటు, వాదనకు రెట్టింపు, గుసగుసకు సగం. పాడితే మాత్రం మేమే డబ్బు తిరిగిచ్చి పంపించేస్తాం. మున్సిపల్ కమిషనర్ గారిని ముఖ్య అతిథిగా పిలిచాం.

ష్ గారికి ఈ సంగతి నేనే వెళ్ళి చెప్పాను. ఆయన వారం రోజులు నాతో మాట్లాడలేదు. ముందు మాత్రం ఏం మాట్లాడేవారులే! వారం తర్వాత వచ్చి, డబ్బులు బల్ల మీద పెట్టి, అన్నిటికంటే పెద్ద టికెట్ ఒకటి కొనుక్కుని వెళ్ళారు. ఐదు నిమిషాల మాట. ఆయన ఏం మాట్లాడబోతున్నారో తెలియక ఊరు ఊరంతా గింజుకుంటోంది. నన్ను తిడతారనే బాబాయి నమ్మకం. ముందు వరసలో సీటు పెట్టించమన్నారు.

టికెట్లు రాసి రాసి వేళ్ళు నొప్పి పుడుతున్న,
పిన్ని


జూలై 12

పిన్నికి,

నేను తమాషాకన్నాను పిన్నీ! టికెట్ల సంగతి తమాషా! దాన్ని నిజంగానే పెట్టేశారా? ఇక ఆపడం కుదరదనుకుంటాను. ష్ గారు నా అడ్రసు అడిగితే మాత్రం ఇవ్వకు.

కానీ ఆ మాటకొస్తే, ఆయన నా ప్లానుకు స్వయంగా మేకులు కొట్టారన్నావు చూడు, ఆ పేరా నాలుగుసార్లు చదువుకున్నాను. కమిటీ అంతా మాటరాక నిలబడిపోయారంటే నాకు కళ్ళ ముందు కనబడుతోంది. ఆగలేక బాసు గదిలోకి వెళ్ళి చెప్పేశాను. "నా ప్లాను ఒప్పుకున్నారండీ. అద్దాల పైకప్పు" అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని నన్ను మళ్ళీ చూశారు. పని మొదలయ్యే రోజు చెబితే సెలవిస్తారట. ఆఫీసులో అందరికీ టీ కూడా ఇప్పించాను.

కొత్త కొలత టేపు కొన్నాను. రోజూ సంచిలో వేసుకుని తిరుగుతున్నాను. పని ఎప్పుడు మొదలో రాయి పిన్నీ, ఒక్క ముక్క చాలు.

ఆకాశం వైపు చూస్తూ,
మేస్త్రీ


ఆగస్టు 9

నాన్నా,

నీ పోయిన ఉత్తరానికి వెంటనే జవాబు రాయలేదు. మాట్లాడే రోజు హడావుడి అని చెప్పుకో. ఆ రోజు కథ చెబుతాను, కూర్చుని చదువు.

పొద్దున్నే కుండపోత. ఎవరూ రారని నేను దిగాలుగా తలుపు తీశాను. తొమ్మిదయ్యేసరికి హాలంతా గొడుగులే. మొదటి టికెట్ టైలరు గారిది. ఆయన ఏళ్ళ తరబడి మందుల షాపు ఆయన ఎదురుగా కూర్చుని చదువుతున్నారు, ఇద్దరికీ ఒక్క మాట లేదు. టైలరు లేచి గొంతు సవరించుకుని, "అయ్యా, రోజూ పేపరులో మధ్య పేజీ మీరే ముందు ఎందుకు లాక్కుంటారు? ఇన్నేళ్ళుగా అడుగుదామనుకుంటున్నాను" అన్నారు. మందులాయన "అందులో పదకేళి ఉంటుంది కదండీ. నాకు ఎప్పుడూ సగమే వస్తుంది. మిగతా సగం మర్నాటికి ఎవరో నింపి ఉంచుతున్నారు" అన్నారు. "ఆ నింపేది నేనే!" అని టైలరు అరిచారు. అంతే, ఇద్దరూ ఇంకో రెండు టికెట్లు కొన్నారు.

బస్సు కండక్టరమ్మ డబ్బిచ్చింది కానీ టికెట్ వద్దంది. రోజంతా అరిచి అరిచి ఇక్కడికి నోరు మూసుకోవడానికే వస్తుందట. బాబాయి ఒక టికెట్ కొని, లేచి నిలబడి, "ఇంట్లో నాకు వంతు రావడం లేదు కాబట్టి ఇక్కడ మాట్లాడుతున్నాను" అన్నారు. హాలంతా నవ్వులు. తీరా చూస్తే, ఆ తర్వాత ఏం మాట్లాడాలో తెలియక కూర్చున్నారు. టికెట్ దండగ.

అందరూ ఒకేసారి మాట్లాడుతుంటే ఆ గోల ఎలా ఉందనుకున్నావు! పాత ఎక్స్ఛేంజీలో అన్ని లైన్లూ ఒక్కసారి కలిసినట్టుంది. నాకు ప్రాణం లేచివచ్చింది.

అప్పుడు ష్ గారు స్టూలెక్కారు. టికెట్ పైకెత్తి చూపించారు. "ఐదు నిమిషాలు నావి. ఈ ఐదు నిమిషాలూ ఎవరూ మాట్లాడొద్దు" అన్నారు.

మాట్లాడే రోజున మాట్లాడొద్దంటే ఎవరికి మండదు చెప్పు! గొణుగుడు మొదలైంది. ఆయన వేలు పెదవి మీద పెట్టుకుని "ష్" అన్నారు. అలవాటు కదా, అందరం ఠక్కున ఆగిపోయాం.

ముందు వాన చప్పుడు. కాసేపటికి దాని లోపల ఇంకో చప్పుడు. టప్. చరిత్ర పుస్తకాల వైపు. మళ్ళీ టప్. పిల్లల అల్మరా పైన. తర్వాత ఇంకోటి, ఇంకోటి. ఆయన స్టూలు దిగి, చప్పుడు వచ్చిన చోటికల్లా వెళ్ళి ఒక్కో బకెట్టు పెట్టుకుంటూ వచ్చారు. ఎక్కడ కారుతుందో పుస్తకం తడిశాక కంటికి కనబడుతుంది, తడవకముందే చెవికి వినబడుతుంది. ఆయన ఇన్నేళ్ళూ మా నోళ్ళు మూయించింది అందుకట! మోకాళ్ళ నొప్పులూ లేవు, పాడూ లేదు.

ఆఖరి బకెట్టు కమిషనర్ గారి కుర్చీ పక్కన పెట్టారు. పాపం ఆయన భుజం అప్పటికే తడిసింది, మర్యాదకు ఊరుకున్నారు. "మరి ఫిర్యాదు చేయలేదా?" అని అడిగారు. "ప్రతి ఏడూ రాస్తూనే ఉన్నానండి. మీవాళ్ళు ప్రతి ఏడూ ఎండాకాలంలో వచ్చి, పైకి చూసి, కారడం లేదని రాసుకుపోతున్నారు" అన్నారు ష్ గారు. కమిషనర్ గారు నవ్వలేక నవ్వారు. పైకప్పు భద్రత మున్సిపాలిటీ బాధ్యతేనని, కప్పు మొత్తం వాళ్ళ ఖర్చుతోనే వేయిస్తామని, పోగైన చందా లోపలి పనులకు వాడుకోమని అక్కడికక్కడే చెప్పేశారు. చెత్తబండ్ల షెడ్డు మాట ఇక లేదు. నేను ఏడ్చేశాను. ఏడవడానికి టికెట్ లేదని టైలరు గారు ఊరడించారు.

పేపరులో ఫోటో పడింది. బాబాయి కత్తిరించి ఇచ్చారు, ఇందులో పెడుతున్నాను. బకెట్టుతో ఉన్నది ష్ గారు, నోరు తెరిచి ఉన్నది నేను.

మురిసిపోతూ,
పిన్ని


ఆగస్టు 17

పిన్ని గారికి,

నమస్కారం. ఫోటో అందింది. లైబ్రరీ నిలబడినందుకు సంతోషం.

ఫోటోలో పై భాగం కూడా బాగా పడింది. నిఘంటువుల అల్మరా మీద, పైకప్పుకు మేకులు కొట్టి ఉన్నది నా ప్లాను. తలకిందులుగా ఉంది. దాని అంచు మీద నుంచి నీళ్ళు ఒక బకెట్టులోకి కారుతున్నాయి.

బాసు కొత్త పనేదో ఇచ్చారు. మెట్లు. ఉంటాను.

ఇట్లు,
మీ అక్కగారి అబ్బాయి


ఆగస్టు 25

ఒరేయ్ నాన్నా,

నన్ను "గారు" అన్నావు చూడు, దానికంటే నాలుగు తిట్టినా బాగుండేది. నీ ఉత్తరం చదివాక నాకు ఏ పనీ చేయబుద్ధి కాలేదు. బాబాయి రెండు పూటలా ఆయనే వండి పెట్టారు. ఆ శిక్ష చాలు నాకు.

కమిటీ నోరెత్తలేదని రాశాను. అది నిజమే. కాసేపటికి నోరెత్తిన మొదటి మనిషి, "ఇప్పటికే మేము ఆకాశం కిందే చదువుకుంటున్నాం కదమ్మా, మళ్ళీ అద్దాలెందుకు?" అన్నాడు. అక్కడితో అయిపోయింది. ఆ మాట నీకు రాయడానికి కలం తీశాను, చేతకాలేదు. నువ్వు పది రాత్రులు మేలుకున్నావని తెలిసి ఎలా రాయను? వానలు వచ్చిన రోజు ష్ గారు ఆ షీటును చూసి, ముట్టుకుని, "ఇది తడవదు కదూ" అన్నారు. ఆయన చేతిలో అప్పటికే సుత్తి ఉంది. పైకి చూసేవాళ్ళు లేరులే అనుకున్నాను, ఫోటోలో పడుతుందని కలగన్నానా? నీ సంబరం చూశాక నిజం చెప్పడం మరీ కష్టమైంది. తప్పు నాదే. నీ ప్లాను వల్ల నిఘంటువులు ఒక్క పేజీ తడవలేదు, అది నీకు ఊరట కాదని కూడా నాకు తెలుసు.

ఇప్పుడు అసలు సంగతి. జనం మాట్లాడటం రుచి మరిగారు. టైలరూ మందులాయనా మెట్ల మీద కూర్చుని పదకేళి గురించి పోట్లాడుకుంటున్నారు. పిల్లలు పుస్తకం చదివి ఎవరికో ఒకరికి చెప్పాలని నా చుట్టూ తిరుగుతున్నారు. కండక్టరమ్మ, ఇంకొందరు మాత్రం ఆ హాలు ఎప్పటిలాగే ఉండాలంటున్నారు. చందా డబ్బు చేతిలో ఉంది. హాలు పక్కన పాత సామాన్ల గది ఖాళీగా ఉంది. దాన్ని మాట్లాడే గది చేయాలి. అక్కడ ఎంత గోల చేసినా హాల్లోకి చీమ చిటుక్కుమన్నంత కూడా వినబడకూడదు. ష్ గారి షరతు అది. వినబడితే తాళం వేస్తారట.

ఈసారి అద్దాల మేడ వద్దు. ఒక్క గోడ కావాలి. నీకు మనసుంటే గీయి. లేకపోతే ఊరికే తిడుతూ ఒక ఉత్తరం రాయి, అదైనా పదిలంగా దాచుకుంటాను.

నీ పిన్ని (గారు కాదు)


సెప్టెంబరు 20

పిన్నీ,

తిడదామని మూడుసార్లు మొదలుపెట్టాను. మూడుసార్లూ "ఇప్పటికే ఆకాశం కిందే చదువుకుంటున్నాం" దగ్గరికి వచ్చేసరికి నవ్వు వచ్చి ఆగిపోయింది. ఎవరన్నారో కానీ నా తరఫున ఒక టీ ఇప్పించు.

బాసుకు చెప్పక తప్పింది కాదు. తల దించుకుని చెప్పాను. ఫోటో చూపించమన్నారు. చాలాసేపు చూసి, "మన ఆఫీసులో గీసిన ప్లానుల్లో వాన ఆపింది ఇదొక్కటేనోయ్" అన్నారు. అది పొగడ్తో తిట్టో ఇప్పటికీ తేలలేదు.

నాకు ఒకటి అర్థమైంది. మీ లైబ్రరీని నేను ఒక ఫోటోలో చూసి గీసేశాను. ఎవరు ఎక్కడ కూర్చుంటారో కూడా అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. వాన ఏ వైపు నుంచి కొడుతుంది? బాబాయి కుర్చీ ఏది? ష్ గారికి తన బల్ల దగ్గరి నుంచి ఏమేం కనబడాలి? ఆయనను నువ్వే అడుగు, నాకు భయం.

గోడ గురించి ఒక ఆలోచన. ఇటుకలు వద్దు. రెండు వైపులా అల్మరాలు, వీపులు ఆనించి, నేల నుంచి కప్పు దాకా. వాటి నిండా మీ పుస్తకాలే. దళసరి పుస్తకాలు చప్పుడును లోపలే మింగేసుకుంటాయి. మధ్యలో తలంత ఎత్తున ఒక చిన్న అద్దం, తెరుచుకోనిది. ష్ గారు లోపల ఎవరు ఎలా ఉన్నారో చూడొచ్చు, వినక్కర్లేదు. గీసినది పంపుతున్నాను. ఈసారి మామూలు కాగితం మీద, ఎవరూ పైకప్పుకు కొట్టకుండా.

నాకు గోడ కూడా చాలు పిన్నీ. నిలబడితే.

సంచిలో టేపుతో,
మేస్త్రీ


జూన్ 11

మా గోడల మేస్త్రీకి,

నువ్వు బస్సెక్కి వెళ్ళాక ఇల్లు బోసిపోయింది. నెల రోజులు దుమ్ము కొట్టుకుని, వడ్రంగితో వాదించి, బాబాయి కుర్చీని మూడుసార్లు జరిపి వెళ్ళావు. ప్రారంభం రోజున అందరూ గదిలోకి దూరి కేకలు పెట్టారు కానీ, ఆ రోజు హాల్లో కూడా గోలే, గోడ పరీక్ష కాలేదు. నువ్వు వెళ్ళేటప్పుడు దాని వంక తిరిగి చూసుకుంటూ వెళ్ళడం నేను గమనించాను.

నిన్న తొలి వాన పడింది.

మబ్బు కమ్మగానే ష్ గారు పాత అలవాటు కొద్దీ బకెట్టు తీసుకుని హాలు మధ్యలో నిలబడ్డారు. ఈ వేసవిలో మున్సిపాలిటీ వేయించిన కొత్త కప్పు మీద వాన దబదబా మొదలైంది. ఆయన వేలెత్తి "ష్" అన్నారు. అందరం పుస్తకాలు మూసి పైకి చూశాం. కండక్టరమ్మ కళ్ళు మూసుకుంది. చాలాసేపు విన్నాం. లోపల ఎక్కడా ఒక్క చుక్క చప్పుడు లేదు. ఆయన ఇంకా నిలబడే ఉన్నారు, నమ్మకం కుదరక. చివరికి వేలు దించి, "ఇక మాట్లాడుకోండి" అన్నారు.

ఆయన మాత్రం బకెట్టు ఎక్కడ పెట్టాలో తెలియనట్టు చేత్తో పట్టుకునే ఉన్నారు. బాబాయి లేచి వెళ్ళి ఆ బకెట్టు అందుకుని, ఆయన భుజం మీద చెయ్యేసి మాట్లాడే గదిలోకి తీసుకెళ్ళారు. టైలరు గారూ మందులాయనా వెనకే వెళ్ళారు. వానమరకలతో ఉన్న నీ పాత ప్లానును ఆ గదిలోనే గోడకు పెట్టించింది ష్ గారే, ఈసారి సరిగ్గా, తల పైకి ఉండేట్టు. పెట్టించారు కానీ లోపల కూర్చోలేదు ఎప్పుడూ.

చిన్న అద్దంలోంచి చూశాను. మొదట ఊరికే కూర్చున్నారు. తర్వాత పెదవులు కదిలాయి. ఆ తర్వాత చేతులు కూడా. టైలరు గారు తల ఊపుతున్నారు, మందులాయన పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు, బాబాయి నా మీద ఏదో చెబుతున్నట్టున్నారు. వాన వెలిసింది. అయినా ఆయన ఆపలేదు. ఇన్నేళ్ళ మాటలు ఎక్కడ దాచుకున్నారో! సాయంత్రం లైబ్రరీ మూసే వేళ దాటినా మాట్లాడుతూనే ఉన్నారు.

నేను ఆ గోడకు ఆనుకుని, హాల్లో చదువుకుంటూ కూర్చున్నాను. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆరితేరిన చెవులు నావి, ఎక్కడ ఎవరు గుసగుసలాడినా పట్టేస్తాను. కావాలని చెవి ఆనించి కూడా చూశాను.

ఒక్క ముక్క వినబడలేదు. గోడ బాగా కట్టావురా.

నీ పిన్ని